చెడు వార్త ఖరీదు

సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో నేను మొదటిసారి టీమ్ లీడ్‌నైన ఏడాది ఒకరోజు జ్వరం వచ్చి సెలవు పెట్టాను. మర్నాడు ఆఫీసుకు వెళ్లి నిన్నటి స్టాండప్‌లో, అంటే బృందమంతా రోజూ నిలబడి జరుపుకునే చిన్న సమావేశంలో, ఏమనుకున్నారని అడిగితే, అసలు స్టాండప్ జరగలేదన్నారు. ఎందుకని అడిగినప్పుడు వచ్చిన జవాబు నాకు ఇప్పటికీ గుర్తుంది: "మీరు లేరు కదండీ." అందులో వ్యంగ్యం లేదు, నిర్లక్ష్యమూ లేదు. నేను లేనప్పుడు ఆ సమావేశంతో పనేముందని వాళ్లు నిజాయితీగానే అనుకున్నారు. ఆ తరువాత నాలుగైదు రోజులు జాగ్రత్తగా గమనించాను. ఎనిమిది మందీ గుండ్రంగానే నిలబడుతున్నారు గాని, మాట్లాడే ప్రతివారూ నావైపే తిరిగి చెబుతున్నారు. ఒకరు చెబుతున్నంతసేపూ మిగతావాళ్లు తమ వంతుకు ఏం చెప్పాలో మనసులో కూడబలుక్కుంటున్నారు. సహచరులు తమలో తాము పని సర్దుకోవడానికి ఏర్పరచిన పావుగంట మా దగ్గర హాజరుపట్టీ అయిపోయింది. నిన్న ఏం చేశాం, ఈరోజు ఏం చేస్తాం, ఏం అడ్డం వస్తోంది అన్న మూడు ప్రశ్నలకూ క్రమం తప్పకుండా జవాబులు చెప్పుకునేవాళ్లం. మూడో ప్రశ్నకు జవాబు ఎప్పుడూ ఒకటే: ఏమీ లేదు.

దీనికి అప్పట్లో నా దగ్గర సిద్ధంగా ఉన్న వివరణ సంస్కృతి. కొత్త మేనేజర్లకిచ్చే శిక్షణలో డచ్ సామాజిక మనస్తత్వవేత్త హెర్ట్ హోఫ్‌స్టెడే సూచికలను మాకు చూపించారు. ఆయన 1967 నుంచి 1973 వరకు ఐబీఎం ఉద్యోగుల నుంచి సేకరించిన లక్షకు పైగా ప్రశ్నావళుల ఆధారంగా దేశాలకు అంకెలు కట్టారు. అధికారం అందరికీ సమానంగా ఉండదన్న సంగతిని కిందిస్థాయివారు ఎంత సహజంగా తీసుకుంటారో చెప్పే కొలతకు ఆయన పెట్టిన పేరు 'అధికార దూరం'. అందులో డెన్మార్క్‌కు 18, అమెరికాకు 40, భారతదేశానికి 77 వచ్చాయి. ఆ పట్టిక చూశాక నాకు అంతా తేటతెల్లమైపోయినట్టు అనిపించింది, అసలు ప్రమాదం అక్కడే మొదలైంది. నా ఎదుట కూర్చున్న మనిషి స్థానంలో నాకు అంకె కనబడసాగింది. ఒక సహోద్యోగి సమావేశంలో నోరు విప్పకపోతే, డెబ్భై ఏడు కదా మరి అని సరిపెట్టుకునేవాణ్ని. అంతకు రెండు వారాల ముందు ఆయన ఒక అభ్యంతరం చెప్పారని, నేను దాన్ని మినిట్స్‌లో రాయకుండా వదిలేశానని, ఆ మౌనం అప్పటి నుంచి మొదలైందని తెలుసుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. తన అంకెలు దేశాల సగటులే తప్ప వ్యక్తులకు వర్తించవని హోఫ్‌స్టెడేయే హెచ్చరించారు. ఒకే కంపెనీ ఉద్యోగుల జవాబుల నుంచి దేశాల స్వభావాన్ని ఎలా రాబడతారని 2002లో బ్రెండన్ మెక్‌స్వీనీ అనే పరిశోధకుడు నిలదీశారు. శిక్షణ స్లైడ్లలో ఈ రెండు సంగతులకూ చోటు దొరకదు.

ఇన్నేళ్ల తరువాత నా అభిప్రాయం వేరుగా ఉంది. ఒక బృందంలో సంస్కృతి అని మనం పేరు పెట్టేదానిలో అధికభాగం నిజానికి మనుషులు మనసులో వేసుకునే లెక్క. నిజం చెబితే ఏమవుతుంది, చెప్పకుండా ఊరుకుంటే ఏమవుతుంది, ఇంతకుముందు చెప్పినవాడి గతి ఏమైంది అన్న మూడు విషయాలను ప్రతి ఉద్యోగీ, ఏ దేశంవాడైనా, ఏ భాషవాడైనా, చాలా కచ్చితంగా బేరీజు వేస్తాడు. మేనేజరు ఆ లెక్కను చూడకుండా దాని ఫలితాన్ని మాత్రమే చూసి, దానికి సంస్కృతి అని పేరు పెడితే తన బాధ్యత తీరిపోతుంది, ఎందుకంటే స్వభావాన్ని ఎవరూ మార్చలేరు కదా.

నిర్వహణ పద్ధతులన్నిటి వెనకా మనుషుల గురించి ఏదో ఒక ఊహ ఉంటుంది, కాని అది ఎక్కడా రాసి ఉండదు. ఒక దశ పూర్తయ్యాకే తరువాతి దశకు దిగే వాటర్‌ఫాల్ పద్ధతి కథనే చూడండి. 1970లో విన్‌స్టన్ రాయిస్ అనే అమెరికా ఇంజనీరు పెద్ద సాఫ్ట్‌వేర్ వ్యవస్థల నిర్మాణ నిర్వహణ మీద ఒక పత్రం సమర్పించారు. అవసరాల సేకరణ, విశ్లేషణ, డిజైన్, కోడింగ్, టెస్టింగ్ మెట్లు దిగినట్టు ఒకదాని కింద ఒకటి వచ్చే బొమ్మ అందులో ఉంది. బొమ్మ చూపించిన వెంటనే, దీన్ని ఉన్నదున్నట్టు అమలు చేస్తే ప్రమాదమని, వైఫల్యాన్ని కోరి తెచ్చుకోవడమేనని ఆయన రాశారు. పత్రంలో మిగిలిందంతా ఆ ప్రమాదాన్ని తగ్గించే ఉపాయాల గురించే. కొత్తరకం వ్యవస్థ అయితే రెండుసార్లు కట్టమని కూడా సలహా ఇచ్చారు. వాటర్‌ఫాల్ అన్న మాట అందులో లేనే లేదు. అయినా 1985లో అమెరికా రక్షణశాఖ తన సాఫ్ట్‌వేర్ ప్రమాణాన్ని వెలువరించినప్పుడు అందులో ప్రధానంగా కనిపించింది ఆ మెట్ల వరసే. హెచ్చరికను ఎవరూ మోసుకుపోలేదు, బొమ్మను మాత్రం అందరూ మోసుకుపోయారు. 1911లో అమెరికా ఇంజనీరు ఫ్రెడరిక్ టేలర్ ఫ్యాక్టరీలలో ఆలోచించే పనిని మేనేజర్లకు, చేసే పనిని కార్మికులకు విడదీసి ఇచ్చిన నాటి నుంచి పైవాడు ఆలోచిస్తాడు, కిందివాడు చేస్తాడు అన్న నమ్మకం పెద్ద సంస్థల్లో స్థిరపడి ఉంది. బొమ్మ ఆ నమ్మకంలో చక్కగా ఇమిడింది, హెచ్చరిక ఇమడలేదు.

2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే మంచుకొండల విడిదిలో 17 మంది చేరి, సాఫ్ట్‌వేర్‌ను చిన్న విడతలుగా, మార్పులకు తగ్గట్టు కట్టాలనే అజైల్ ప్రకటన రాసినప్పుడు ఈ నమ్మకాన్నే తలకిందులు చేశారు. ఉత్సాహమున్న మనుషుల చుట్టూ ప్రాజెక్టును కట్టండి, వాళ్లకు కావలసినవి సమకూర్చండి, పని పూర్తి చేస్తారని నమ్మండి అన్నది వారి 12 సూత్రాలలో ఒకటి. అది నాకు ఇష్టమైన సూత్రమే. అయితే రాసినవాళ్లు ఎవరో కూడా చూడాలి. అందరూ పురుషులు, అనుభవజ్ఞులు, చాలామంది పేరున్న కన్సల్టెంట్లు, పద్ధతుల రూపకర్తలు. ఇది కుదరదని ఒక క్లయింటుతో చెప్పి లేచి వచ్చేసినా మరో క్లయింటు దొరుకుతాడన్న ధీమా అలాంటివాళ్లకు ఉంటుంది. ఉద్యోగంతోపాటు వీసా కూడా పోయే మనిషి, ఇంటిల్లిపాదికీ తన జీతమే ఆధారమైన మనిషి అదే సూత్రాన్ని ఎలా చదువుకుంటారన్న ప్రశ్న ఆ ప్రకటనలో ఎక్కడా రాదు. వారిని తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు; తాము నిలబడ్డ నేల ఎవరి కంటికైనా ఆఖరున గాని ఆనదు.

ఇక్కడే చాలామంది తొందరపడి, ఇవి పాశ్చాత్యుల పద్ధతులు కాబట్టి మిగతాచోట్ల పనిచేయవని తేల్చేస్తారు. ఆ వాదన నిలవదు. అజైల్ పద్ధతులలో ఒకటైన స్క్రమ్ అన్న పేరే, 1986లో తకేవుచి, నొనాకా అనే ఇద్దరు జపాన్ పండితులు అక్కడి కంపెనీలలోనూ అమెరికా కంపెనీలలోనూ కొత్త వస్తువులు తయారుచేసే బృందాలను పరిశీలించి రాసిన వ్యాసంలోని రగ్బీ ఉపమానం నుంచి వచ్చింది. ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఒక కార్ల ఫ్యాక్టరీలో దొరుకుతుంది. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ 1982లో మూసేసిన ఆ ఫ్యాక్టరీ గైర్హాజరుకు, నాసిరకం కార్లకు, యూనియన్ తగాదాలకు పేరుపడింది. 1984లో టయోటాతో కలిసి న్యూమీ అనే పేరుతో దాన్ని మళ్లీ తెరిచినప్పుడు పాత కార్మికులనే ఎక్కువగా తీసుకున్నారు. కొత్తగా వచ్చినవాటిలో ఒకటి అసెంబ్లీ లైను పొడవునా వేలాడే తాడు. లోపం కనబడితే ఏ కార్మికుడైనా దాన్ని లాగవచ్చు; లాగగానే టీమ్ లీడర్ అక్కడికి వచ్చి సాయం చేస్తాడు; నిర్ణీత సమయంలో సర్దుబాటు కాకపోతే లైను ఆగుతుంది. అంతకుముందు లైను ఆపడమంటే కార్మికుడు తన ఉద్యోగం మీదకు తెచ్చుకోవడమే. ఊరు అదే, యూనియన్ అదే, పనిచేసే చేతులు కూడా చాలావరకు అవే. అయినా కొద్దికాలంలోనే అక్కడి కార్లు నాణ్యతలో జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీలన్నిటిలోనూ ముందువరసకు చేరాయి. మారింది లోపాన్ని బయటపెట్టినవాడు చెల్లించే మూల్యం.

దీనికి తిరగేసిన ఉదాహరణ 1986 జనవరి 28న కూలిపోయిన చాలెంజర్ వ్యోమనౌక. ముందురోజు రాత్రి టెలికాన్ఫరెన్సులో, ఆ చలికి బూస్టర్ల అతుకులను మూసే రబ్బరు ఓ-రింగులు సరిగా మూసుకోకపోవచ్చని, ప్రయోగం వాయిదా వేయాలని రాకెట్ బూస్టర్లు తయారుచేసిన కంపెనీ ఇంజనీర్లు వాదించారు. నాసా అధికారులు అసహనం చూపించాక, కంపెనీలో పైస్థాయి అధికారి ఒకరు ఇంజనీరింగ్ విభాగాధిపతితో ఇంజనీరు టోపీ తీసి మేనేజరు టోపీ పెట్టుకోమన్నారు. సిఫారసు మారిపోయింది. విచారణ సంఘంలో సభ్యుడైన భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ కనుగొన్నదేమిటంటే, ప్రమాదానికి ఎంత అవకాశముందని అడిగితే పనిచేసే ఇంజనీర్లు దాదాపు వందలో ఒకటి అంటే, యాజమాన్యం లక్షలో ఒకటి అంటోంది. మాట పైకి వెళ్లే దారిలో అంత తరుగుదల. అధికార దూరం 40 అని పట్టికలో రాసి ఉన్న దేశంలోనే ఇది జరిగింది.

మళ్లీ నా అనుభవానికి వస్తాను. మా బృందంలో పని బాగా తెలిసిన ఒక యువకుణ్ని ఒక మాడ్యూల్ గురించి "శుక్రవారానికి అయిపోతుందా?" అని అడిగాను. "చూస్తాను సార్" అన్నాడు. నేను అవుననే అర్థం చేసుకుని క్లయింటుకు చెప్పేశాను. శుక్రవారం కాదు కదా, ఆ పై శుక్రవారానికి కూడా అది పూర్తి కాలేదు. మాటకన్నా సందర్భమే ఎక్కువ అర్థం మోసే సంభాషణ రీతి ఒకటి ఉంటుందని, మాటలోనే అంతా చెప్పేసే రీతి మరొకటి ఉంటుందని మానవ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ 1970లలో చేసిన విభజన ఇక్కడ నాకు కొంత ఉపయోగపడింది. 'చూస్తాను' అన్నది మర్యాదగా చెప్పిన 'కాదు' అని నేను గ్రహించి ఉండవలసింది. కాని అతను కొన్ని నెలల తరువాత చనువు ఏర్పడ్డాక చెప్పిన మాట హాల్ సిద్ధాంతంకన్నా సూటిగా ఉంది: "తేదీ మీరే చెప్పేశారు కదా సార్, ఇక నేను చెప్పడానికేముంది?" నేను అడిగినది ప్రశ్న కానే కాదని, ప్రశ్నార్థకం తగిలించిన ఆజ్ఞ అని అప్పుడు తెలిసింది. అతని మర్యాద గురించి చర్చించడానికి ముందు నా వాక్య నిర్మాణాన్ని సరిచూసుకోవలసి ఉంది.

ఆ తరువాత నుంచి అడిగే తీరు మార్చాను. మనస్తత్వవేత్త గ్యారీ క్లైన్ 2007లో ప్రచారంలోకి తెచ్చిన ప్రీమార్టం పద్ధతి దీనికి దగ్గరగా ఉంటుంది: పని విఫలమైపోయిందని ముందే అనుకుని, ఎందుకు విఫలమైందో చెప్పమనడం. ఈ పని నెలాఖరుకు కాలేదనుకోండి, కారణమేమై ఉంటుంది అని మొదటిసారి అడిగినప్పుడు ముగ్గురు ఐదు కారణాలు చెప్పారు. వాటిలో మూడు నాకు అప్పటివరకూ తెలియవు. ఆ ముగ్గురూ రెండు రోజుల క్రితం స్టాండప్‌లో అడ్డంకులేమీ లేవని చెప్పినవాళ్లే. వాళ్లేమీ మారలేదు. పాత ప్రశ్నలో చెడు వార్త చెప్పడమంటే నన్ను కాదనడం, కొత్త ప్రశ్నలో నేను అడిగినదానికి జవాబివ్వడం.

అనేక దేశాలలో మనుషులున్న బృందాలలో మరో చిత్రం కనిపిస్తుంది. ప్రధాన కార్యాలయం అలవాట్లకు ప్రాసెస్ అని పేరు, మిగతావాళ్ల అలవాట్లకు కల్చర్ అని పేరు. కాల్ ఎప్పుడు పెట్టాలో, ఏ భాషలో మాట్లాడాలో, ఎంతసేపు ఆగాక మౌనాన్ని అంగీకారంగా లెక్కించాలో నిర్ణయించేది ఒక పక్షమే, తనకంటూ ఒక సంస్కృతి ఉందని తోచనిది కూడా ఆ పక్షానికే. ఎవరికైనా అభ్యంతరముందా అని అడిగి రెండు క్షణాలు ఆగి ముందుకు వెళ్లిపోయే మేనేజరు, రెండో భాషలో వాక్యం కూర్చుకుంటున్న మనిషికి అవకాశమిచ్చానని మనస్ఫూర్తిగా నమ్ముతాడు. ఆ మేనేజర్లలో నేనూ ఉన్నాను. మా బృందంలో కాల్స్‌లో దాదాపు మాట్లాడని ఒకావిడ ఉండేవారు. ఆమె రాసే డిజైన్ నోట్స్ మా అందరి నోట్స్‌కన్నా స్పష్టంగా ఉండేవి. మేము నెల తరువాత కొట్టుకునే గోడలను ఆమె ముందే గుర్తించి రాసేవారు. ఆ ఏడాది పనితీరు అంచనా వేసే అప్రైజల్‌లో ఆమె గురించి, కమ్యూనికేషన్ మెరుగుపరచుకోవాలి అని రాసింది నేనే. ఎంత మంచి గద్యం రాసేవారికి ఆ సలహా ఇచ్చానో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

సూటిగా మాట్లాడటాన్ని నిజాయితీకి గుర్తుగా చూసేవాళ్లతో నాకు పేచీ ఉన్నది కూడా ఇందుకే. కోల్పోయేది తక్కువ ఉన్నవాళ్లకు సూటిదనం చౌకగా దొరుకుతుంది. ఒకరు రాసిన కోడ్‌ను మరొకరు పరిశీలించే కోడ్ రివ్యూలలో ఇది బాగా తెలుస్తుంది. ప్రోగ్రామరు తన కోడ్‌ను తన అహానికి పొడిగింపుగా చూడకూడదని కంప్యూటర్ శాస్త్రవేత్త జెరాల్డ్ వైన్‌బర్గ్ 1971లోనే వాదించారు, మంచి మాటే. కాని ఎదుటివారిని నువ్వనాలా మీరనాలా అని ప్రతి వాక్యంలోనూ తేల్చుకోవలసిన భాషలో ఆలోచించే మనిషి, ఆ భేదమే లేని భాషలో, అందరూ చూసేచోట, తనకన్నా పదేళ్ల సీనియర్ కోడ్ కింద 'ఇలా ఎందుకు చేశారు?' అని రాయాలంటే, ఆ ఒక్క వాక్యం మీద పది నిమిషాలు ఖర్చవుతాయి. చాలాసార్లు చివరికి రాసేది 'బాగుంది' అన్న ఒక్క మాట, ఆపైన అప్రూవ్ బటన్. కోడ్‌లోని బగ్, అంటే లోపం, వాడేవాళ్ల చేతికి వెళ్లాక బయటపడినప్పుడు, రివ్యూ చేసినవారు శ్రద్ధగా చదవలేదని రిపోర్టులో రాస్తాం. నిజానికి వారు చదివారు.

రిపోర్టుల భాష గురించి కూడా ఒక మాట చెప్పాలి. లోపం జరిగాక ఎవరినీ నిందించకుండా కారణాలు రాసుకునే పోస్ట్‌మార్టం పద్ధతిని మేము ఉత్సాహంగా మొదలుపెట్టాం. మొదటి మూడు రిపోర్టులు అద్భుతంగా ఉన్నాయి: ఎవరు ఏ కమాండ్ ఇచ్చారో, అప్పుడు వారికి తెర మీద ఏం కనబడిందో, ఎందుకు అది సరైన పనిగా తోచిందో వివరంగా రాశారు. ఆ ఏడాది చివర అప్రైజల్ చర్చలో పై మేనేజరు ఒకరు ఆ మూడో రిపోర్టును తెరిచి, దాన్ని రాసిన ఇంజనీరు రేటింగు తగ్గించడానికి ఆధారంగా చూపించారు. నేను అభ్యంతరం చెప్పాను గాని, గట్టిగా చెప్పలేదు. ఈ సంగతి బయటకు ఎలా పొక్కిందో తెలియదు, నాలుగో రిపోర్టు నుంచి వాక్యాల నిండా కర్త మాయమైపోయాడు. లోపం తలెత్తింది. సెట్టింగు మారింది. సేవలకు అంతరాయం కలిగింది. తమంతట తామే జరిగిపోయే ప్రకృతి వైపరీత్యాల జాబితాలా ఉండేవి అవి. పదిమందిలో నమ్మకం కలగడానికి ఏడాది పట్టింది, పోవడానికి ఒక్క అప్రైజల్ చాలింది. ఆసుపత్రి నర్సింగ్ బృందాలను పరిశీలించిన పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ 1990లలో కనుగొన్న విషయాన్ని ఇక్కడ గుర్తుచేసుకోవాలి. మంచి నాయకత్వమున్న బృందాల్లోనే మందుల పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి, ఎందుకంటే అక్కడ పొరపాటు చెప్పుకోవడానికి భయం లేదు. బగ్గుల సంఖ్య చూసి బృందాలకు ర్యాంకులిచ్చే మేనేజరు తెలియకుండానే దాచడానికి బహుమతి ఇస్తున్నాడు.

ఇంతా చెప్పాక, సంస్కృతి అనేదే లేదు, అంతా లాభనష్టాల లెక్కే అంటున్నానా అని ఎవరైనా అడగవచ్చు. అలా అనడం లేదు. మూల్యం చెల్లించే నాణెం చోటును బట్టి మారుతుందని ఒప్పుకుంటాను. ఒకచోట అది ఉద్యోగం, ఒకచోట పదిమందిలో పరువు, మరోచోట తనకు పని నేర్పిన సీనియర్ ముఖంలో కనిపించే నొప్పి. ఉద్యోగభద్రత హామీ ఇచ్చినంతమాత్రాన ఆ మూడో మూల్యం తగ్గదు. అందుకే ఒకచోట పనిచేసిన ఉపాయం మరోచోట పనిచేయదు. పేరు రాయకుండా అభిప్రాయాలు వేయడానికి నేను పెట్టిన పెట్టె ఘోరంగా విఫలమైంది. ఎనిమిది మంది బృందంలో ఎవరి రాత ఎవరిదో వాక్యం చూడగానే అందరికీ తెలిసిపోతుంది. ఆ తరువాత ఎవరేం రాశారన్న ఊహాగానాలు ఒక నెల నడిచాయి. పనిచేసినవి చిన్నచిన్నవి. పనికి ఎంతకాలం పడుతుందన్న ఎస్టిమేట్లు అందరూ విడివిడిగా రాసి ఒకేసారి బయటపెట్టడం, సమావేశంలో అందరికన్నా జూనియర్ ముందు, నేను ఆఖరున మాట్లాడటం, ఆ వారం నేను చేసిన తప్పుతోనే రెట్రోను, అంటే జరిగిన పనిని వెనక్కి తిరిగి చూసుకునే సమావేశాన్ని, మొదలుపెట్టడం లాంటివి. వీటిలో మొదటిది వెంటనే ఫలించింది. చివరిదానికి ఆరు నెలలు పట్టింది, ఎందుకంటే నా తప్పులు విని తలలూపడం కూడా కొంతకాలం మర్యాదలో భాగమే అయింది.

మొన్న వారం రోజులు సెలవులో వెళ్లాను. ఇప్పటి బృందం నేను లేకుండానే స్టాండప్ జరుపుకుంది, అంతేకాక నేను క్లయింటుకు మాటిచ్చిన ఒక ఫీచరు ఈ రిలీజ్‌లో సాధ్యం కాదని తేల్చి, కారణాలు నాలుగు వాక్యాలలో రాసి పెట్టింది. ఆ నాలుగు వాక్యాలలోనూ కర్త ఉన్నాడు. చదివినప్పుడు నాకు ముందు కలిగింది చిరాకు. ఒక కటువైన జవాబు టైపు చేసి, పంపకుండా చెరిపేశాను. వాళ్ల లెక్క సరైనదే. ఆ శుక్రవారం సాయంత్రం పై అధికారికి వారపు స్టేటస్ రిపోర్టు పంపవలసి వచ్చింది. అందులో ప్రతి పనికీ ఒక రంగు పెట్టాలి: సవ్యంగా సాగితే ఆకుపచ్చ, సందేహముంటే పసుపు, కుదరకపోతే ఎరుపు. ఆ ఫీచరు ఎదురుగా ఏ రంగు పెట్టాలా అని చాలాసేపు ఆలోచించి, చివరికి పసుపు పెట్టాను. ఎరుపు పెట్టాల్సింది.